అమ్మ మాత్ర, డాక్టరుగారి ఉపన్యాసం

ప్రశ్న: మా అమ్మగారి వయసు అరవై ఎనిమిది. పద్నాలుగేళ్లుగా షుగరు ఉంది. ఆ పద్నాలుగేళ్లూ ఒకే డాక్టరుగారి దగ్గర చూపించుకుంటోంది. ఆయనంటే మా ఇంటిల్లిపాదికీ గురి. మూడు నెలల క్రితం ఆయన పాత మాత్రల్లో ఒకటి ఆపేసి, దాని బదులు వేరే కంపెనీది ఒక కొత్త మాత్ర రాశారు. ధర పాతదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పుడు నేనేమీ అనుకోలేదు. పోయిన వారం అమ్మను చూపించడానికి వెళ్లినప్పుడు, వరండా గోడకు ఒక వైద్య సదస్సు ఆహ్వానపత్రం అతికించి కనిపించింది. వక్తల పేర్లలో మా డాక్టరుగారి పేరుంది, అడుగున సదస్సు జరిపిస్తున్న కంపెనీ పేరుంది. ఈ పేరు ఎక్కడో చూశానే అనుకుంటూ అమ్మ సంచీలోంచి మాత్రల షీటు తీసి వెనక్కి తిప్పితే, అదే పేరు. అమ్మతో అంటే, "ఇన్నేళ్లు చూసిన మనిషిని అనుమానిస్తావా?" అని కోప్పడింది. మందుల కంపెనీల దగ్గర డబ్బు తీసుకునే డాక్టర్లు ఆ సంగతి బయటికి చెప్పాలా, అక్కర్లేదా? మేము అడగవచ్చా? అడిగితే ఆయన మనసు కష్టపెట్టుకుని అమ్మను సరిగా చూడకపోతే? అసలు అమ్మ ఆ మాత్ర వేసుకోవాలా, మానేయాలా?

సమాధానం: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినవి నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు. అమ్మగారు ఆ మాత్ర తమంతట తాము మానకూడదు. షుగరు మందు హఠాత్తుగా ఆపితే జరిగే హాని నిజమైనది, కంటికి కనిపించేది. మీరు శంకిస్తున్న హాని ఇంకా ఊహ దగ్గరే ఉంది. పైగా మాత్ర మార్చడానికి మంచి కారణాలే ఉండవచ్చు. పాత మందుల్లో కొన్ని, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ వంటివి, పెద్ద వయసువారిలో షుగరును ఉన్నట్టుండి బాగా దించేసి కళ్లు తిరిగి పడిపోయేలా చేయగలవు. కొత్తగా వచ్చిన మందుల్లో కొన్ని, మూత్రంలో ప్రోటీన్ పోతున్నవారికి కిడ్నీలను, గుండె బలహీనపడినవారికి గుండెను కాపాడతాయని పెద్ద పెద్ద ట్రయల్స్‌లో రుజువైంది. ఒక కంపెనీ వేదిక మీద మాట్లాడినంత మాత్రాన ఆ డాక్టరు రాసిన మందు తప్పైపోదు. ఈ సంగతి ముందే చెబుతున్నానంటే, ఇకపై నేను రాయబోయేదంతా డాక్టర్లకు కాస్త చేదుగా ఉంటుంది కాబట్టి.

ఇక అసలు ప్రశ్న. చెప్పాలి. వైద్యులకు కంపెనీలు ఇచ్చే ప్రతి చెల్లింపూ, ఇచ్చినవారి పేరుతో, పుచ్చుకున్నవారి పేరుతో, మొత్తంతో, కారణంతో సహా బహిరంగంగా ఉండాలన్నది నా అభిప్రాయం. అయితే "రోగికి చెప్పాలి" అనడానికీ, "బహిరంగంగా ఉండాలి" అనడానికీ చాలా తేడా ఉంది. మీ ఉత్తరంలో ఆ రెండూ కలిసిపోయాయి. వాటిని విడదీయడమే ఈ జవాబులో ముఖ్యమైన పని.

ముందు డబ్బు సంగతి. కంపెనీ నుంచి డాక్టరుకు వెళ్లేదంతా ఒకే రకం డబ్బు కాదు. ఒక కొత్త మందు మీద ట్రయల్ జరిపేటప్పుడు కంపెనీ ఇచ్చే నిధులు సాధారణంగా ఆసుపత్రికో విశ్వవిద్యాలయానికో వెళతాయి. నర్సుల జీతాలు, రక్తపరీక్షలు, రికార్డుల నిర్వహణ వాటితోనే నడుస్తాయి. ఆ డబ్బు లేకపోతే చాలా మందులు పుట్టేవే కావు. ఒక సర్జను తాను కనిపెట్టిన పరికరానికి రాయల్టీ తీసుకుంటే అది అతని తెలివికి దక్కిన ఫలం. సలహా మండలిలో కూర్చున్నందుకు ఇచ్చే పారితోషికం, కంపెనీ తయారుచేసి ఇచ్చిన స్లయిడ్లతో తోటి డాక్టర్లకు ఉపన్యాసం చెప్పినందుకు ఇచ్చే పారితోషికం, సదస్సుకు విమానం టికెట్టు, హోటలు గది, భోజనం, బల్లమీద వదిలివెళ్లే శాంపిళ్లు, ఇవి మరో కోవ. వీటిలో అన్నిటికన్నా ఎక్కువ ప్రశ్నించవలసింది నా దృష్టిలో ఉపన్యాసాల డబ్బే, ఎందుకంటే అక్కడ కంపెనీ కొంటున్నది డాక్టరు చదువును కాదు, ఆయన మీద తోటివారికున్న గౌరవాన్ని. మీ డాక్టరుగారు ఏ కోవలో ఉన్నారో ఒక్క ఆహ్వానపత్రం చూసి తేల్చలేం. కంపెనీ సదస్సుకు ఖర్చు మాత్రమే పెట్టుకుని ఉండవచ్చు, ఆయన పైసా తీసుకోకుండా మాట్లాడి ఉండవచ్చు. అదేమిటో తెలుసుకునే దారి మీకు లేకపోవడమే ఇక్కడి చిక్కు.

అసలు ఈ డబ్బు డాక్టరు రాసే మందును మారుస్తుందా? నా సొంత కథ ఒకటి చెబుతాను. ముప్పై నాలుగేళ్లు జనరల్ ఫిజీషియన్‌గా పనిచేసి విరమించుకున్నవాణ్ని. ఆ రోజుల్లో ఒక మందుల కంపెనీ ప్రతినిధి, అంటే రెప్, నెలకు రెండుసార్లు ఓపీ అయిపోయే వేళకు వచ్చేవాడు. చాలా మర్యాదస్తుడు. చివరి రోగి వెళ్లేదాకా తలుపు బయటే నిలబడేవాడు. లోపలికి వచ్చి, మా అమ్మాయి పరీక్షలు ఎలా రాసిందో అడిగి, తోలుసంచీలోంచి రంగుల పుస్తకం తీసి, పెన్ను మూతతో ఒక గ్రాఫు మీద గీత వెంట చూపించి, రెండు నిమిషాల్లో లేచిపోయేవాడు. ఒకసారి వాళ్ల కంపెనీ ఖర్చు మీద నేను ఒక సదస్సుకు వెళ్లాను: టికెట్టు, మూడు రాత్రుల గది. అక్కడ నిజంగానే నాలుగు మంచి ఉపన్యాసాలు విన్నాను. తిరిగొచ్చిన మూడు నాలుగు నెలలకు మా ఫార్మసిస్టు స్టాకు పుస్తకం పట్టుకుని వచ్చి, "సార్, ఈమధ్య మీ చీటీలన్నీ ఈ బ్రాండుకే వస్తున్నాయి, పాతది అలమరలోనే ఉండిపోతోంది" అన్నాడు. నేను కొట్టిపారేశాను. అతను వెళ్లాక, ఎందుకో ఉండబట్టలేక, చీటీల కార్బన్ కాపీలు ముందేసుకుని కూర్చున్నాను. అతను చెప్పింది నిజమే. ఆ చీటీల్లో ఏ ఒక్కటీ తప్పుడు చీటీ కాదు. మందు మంచిదే, రోగికి పనికొచ్చేదే. ఎవరైనా ఏదో ఒకటి తీసి ఇది ఎందుకు రాశావని నిలదీస్తే, దానికి కారణం చెప్పగలను. అన్నీ పక్కపక్కన పేర్చి చూసినప్పుడు మాత్రం నాకు నోరు పెగల్లేదు.

ఆ రెప్ నాకు లంచం ఇవ్వలేదు. నేను మొహమాటపడ్డాను, అంతే. పెన్ను కాగితం మీద పెట్టగానే అతని ముఖం గుర్తొచ్చేది కాదు. ఆ బ్రాండు పేరు గుర్తొచ్చేది. మన ఇంటికొచ్చి మన పిల్లల క్షేమం అడిగిన మనిషికి ఏదో ఒకటి తిరిగి చేయాలన్న గుణమే లేకపోతే లోకంలో స్నేహాలే ఉండవు. కంపెనీలు ఆ మంచి గుణం మీదే వ్యాపారం చేస్తాయి. డబ్బుకు అమ్ముడుపోయే డాక్టరు ఎక్కడో ఒకడు ఉంటాడు, వాడి సంగతి చట్టం చూసుకుంటుంది. మొహమాటపడే డాక్టర్లు మాత్రం దాదాపు అందరమూ.

ఇది నా ఒక్కడి బలహీనత అయితే ఇంత రాయనక్కర్లేదు. 1992లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో, ఒక ఆసుపత్రి డాక్టర్లు రెండు మందుల ప్రచారానికి కంపెనీలు పెట్టిన ఖర్చు మీద విహారస్థలాలకు వెళ్లి వచ్చినప్పుడు, వెళ్లకముందూ వెళ్లి వచ్చాకా ఆ రెండు మందుల వాడకం లెక్కగట్టి చూశారు. ఈ ప్రయాణం మా వైద్యాన్ని మార్చదని బయలుదేరేముందు చెప్పినవారే వాళ్లలో ఎక్కువ. వాడకం మాత్రం బాగా పెరిగింది. 2001లో అచ్చయిన మరో పరిశోధనలో శిక్షణలో ఉన్న యువవైద్యుల్ని అడిగితే, కంపెనీల ప్రచారం నా మీద పనిచేయదని 61 శాతం మంది అన్నారు. తోటి వైద్యుల మీద కూడా అలాగే పనిచేయదా అంటే, పనిచేయదన్నవారు 16 శాతమే. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటనే కాస్త సిగ్గూ వేస్తుంది. 2016లో అమెరికాలోనే 2,79,669 మంది డాక్టర్ల వివరాలతో మరో పరిశోధన వచ్చింది. సగటున 20 డాలర్లు కూడా చేయని ఒక్క పూట భోజనం కంపెనీ ఖర్చుతో చేసిన డాక్టర్లు సైతం, చేయనివారికన్నా ఆ కంపెనీ బ్రాండునే ఎక్కువగా రాసినట్టు తేలింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. భోజనం వల్లే అలా రాశారని ఆ లెక్క రుజువు చేయదు. ఆ మందును ముందే ఇష్టపడేవారే ఆ విందుకు వెళ్లి ఉండవచ్చు. అయినా భోజనాల సంఖ్య పెరిగినకొద్దీ రాతా పెరగడం చూస్తే, యాదృచ్ఛికమని తోసిపుచ్చడానికి నాకు మనసొప్పదు.

ఆ చివరి పరిశోధన అసలు ఎలా సాధ్యమైందో చూడండి. చెల్లింపులు బహిరంగంగా ఉన్నాయి కాబట్టే సాధ్యమైంది. అమెరికాలో చక్ గ్రాస్లీ, హెర్బ్ కోల్ అనే ఇద్దరు సెనేటర్లు, ఒకరు రిపబ్లికన్, మరొకరు డెమోక్రాట్, కలిసి 2007లో ప్రతిపాదించిన బిల్లు 2010లో ఆరోగ్య సంస్కరణల చట్టంలో భాగమై ఆమోదం పొందింది. దాని ప్రకారం మందులు, వైద్య పరికరాల కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే ప్రతి చెల్లింపునూ ఏటా ప్రభుత్వానికి లెక్కచెప్పాలి. మొదట్లో ఒక్కొక్కటి 10 డాలర్లకు, ఏడాది మొత్తం 100 డాలర్లకు లోబడిన చిన్న చెల్లింపులకు మాత్రమే మినహాయింపు ఉండేది. ధరల పెరుగుదలను బట్టి ఆ హద్దును ఏటా సవరిస్తారు. మొదటి వివరాలు 2014 సెప్టెంబరు 30న బయటికొచ్చాయి. ప్రచురించేముందు తన పేరు మీదున్న లెక్క చూసుకుని, తప్పుంటే అభ్యంతరం చెప్పడానికి డాక్టరుకు 45 రోజుల గడువు ఉంటుంది. పరిశోధన డబ్బును వేరుగా, భోజనాలు, ప్రయాణాలు, ఉపన్యాసాల డబ్బును వేరుగా, కంపెనీల్లో డాక్టర్లకున్న వాటాలను వేరుగా చూపిస్తారు. చెప్పవలసిన బాధ్యత డాక్టరు మీద కాకుండా కంపెనీ మీద పెట్టడమే ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. డాక్టరు మరచిపోవచ్చు, మొహమాటపడవచ్చు. కంపెనీ ఖాతా పుస్తకానికి ఆ బాధ లేదు.

ఫ్రాన్సుకు ఈ బుద్ధి పెద్ద దెబ్బ తిన్నాకే వచ్చింది. సెర్వియే కంపెనీ అమ్మిన మీడియేటర్ అనే మందును అక్కడ 1976 నుంచి 2009 దాకా వాడారు. కాగితం మీద అది షుగరు ఉన్నవారికి. వాడుకలో చాలామంది ఆకలి తగ్గించుకుని సన్నబడటానికి మింగారు. అది గుండె కవాటాలను పాడుచేస్తోందని బ్రెస్ట్ నగరంలోని ఊపిరితిత్తుల వైద్యురాలు ఇరెన్ ఫ్రాషోన్ పట్టుబట్టి బయటపెట్టారు. మందుల్ని పరిశీలించవలసిన నిపుణులకూ కంపెనీలకూ మధ్య సంబంధాలేమిటన్న ప్రశ్న దేశమంతా చెలరేగింది. 2011 డిసెంబరులో చట్టం చేసి, చెల్లింపుల వివరాలను అందరూ చూసేలా పెట్టారు. 2021లో పారిస్ కోర్టు ఆ కంపెనీని మోసం, నిర్లక్ష్యంతో మరణాలకు కారణం కావడం అనే నేరాల కింద దోషిగా తేల్చింది.

బ్రిటన్‌లో 2016లో కంపెనీల సంఘమే సొంతంగా ఒక పట్టిక మొదలుపెట్టింది గాని, డాక్టరు ఒప్పుకుంటేనే పేరు వేస్తామన్నారు. ఒప్పుకోనివారి పేరే కదా అసలు చూడవలసింది! 2020లో బారొనెస్ కంబర్లెజ్ అధ్యక్షతన వెలువడిన నివేదిక, కంపెనీలు తప్పనిసరిగా లెక్కచెప్పాలనీ, డాక్టర్ల ఆర్థిక సంబంధాలకు ఒక రిజిస్టరు ఉండాలనీ సిఫారసు చేసింది. భారతదేశంలో దారి వేరు: చెప్పమనడం కాకుండా, అసలు తీసుకోవద్దన్నారు. వైద్యుల ప్రవర్తనా నియమావళికి 2009 డిసెంబరులో చేసిన సవరణ బహుమతులు, ప్రయాణ ఖర్చులు, నగదు పుచ్చుకోవడాన్ని నిషేధించింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఇలాంటి కానుకలకు పెట్టిన ఖర్చును కంపెనీలు వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడం కుదరదని తీర్పు చెబుతూ, ఆ ఖర్చు తిరిగి తిరిగి మందు ధరలోకే చేరుతుందని గుర్తుచేసింది. నిషేధం గట్టిదే. కానీ ఏ డాక్టరుకు ఏ కంపెనీ ఏమిచ్చిందో పేరు పెట్టి చూసుకునే బహిరంగ పట్టిక లేనప్పుడు, నిషేధాన్ని ఎవరు పాటిస్తున్నారో ఎవరు పాటించడం లేదో తెలిసేదెలా? తలుపుకు తాళం వేసి, లోపల దీపం ఆర్పేసినట్టుంది.

ఇక్కడిదాకా చదివి, "అయితే మా డాక్టరుగారే ఆ సంగతి మాకు చెప్పేస్తే సరిపోతుంది కదా" అని మీరనవచ్చు. సరిపోదు, ఒక్కోసారి అది ఎదురు కొడుతుంది కూడా. 2005లో డెయిలియన్ కెయిన్, జార్జ్ లోవెన్‌స్టీన్, డాన్ మూర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. ఒక సీసా నిండా నాణేలు. దూరం నుంచి కొద్ది క్షణాలు చూసినవారు అందులో ఎంత సొమ్ముందో ఊహించాలి. దగ్గర నుంచి చూసిన సలహాదారు వాళ్లకు సాయం చేయాలి. కొందరు సలహాదారులకు మాత్రం, ఊహ ఎంత ఎక్కువగా ఉంటే అంత ఎక్కువ డబ్బు. ఆ మెలిక ఊహించేవారికి ముందే చెప్పేసినప్పుడు ఏం జరగాలి? సలహాదారు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, విన్నవారు ఆ సలహాను బాగా తగ్గించి పుచ్చుకోవాలి. జరిగింది వేరు. "చెప్పాల్సింది చెప్పేశాం కదా" అన్న ధైర్యంతో సలహాదారులు అంకెను ఇంకా పైకి లాగారు. విన్నవారు కొంత తగ్గించుకున్నారు గాని చాలినంత తగ్గించుకోలేదు. చెప్పకముందుకన్నా చెప్పిన తర్వాతే ఎక్కువ నష్టపోయారు.

తర్వాత, ఒకప్పుడు వైద్యురాలిగా పనిచేసిన సునీత సాహ్ అనే పరిశోధకురాలు ఇంకో సంగతి పట్టుకున్నారు. ఎదురుగా కూర్చుని "ఇందులో నాకు లాభముంది" అని చెప్పినవాడి సలహా మీద నమ్మకం తగ్గుతుంది. ఆశ్చర్యంగా, ఆ సలహాను పాటించాలన్న ఒత్తిడి పెరుగుతుంది. కాదంటే "నిన్ను నమ్మడం లేదు" అని ముఖం మీద చెప్పినట్టవుతుందని భయం. మీ అమ్మగారి పరిస్థితి ఊహించుకోండి. పద్నాలుగేళ్లు తనను చూసిన మనిషి, "అమ్మా, ఈ కంపెనీవాళ్లు నాకు డబ్బిస్తారు, అయినా ఈ మాత్ర మీకు మంచిది" అంటే, ఆవిడ ఏం చేస్తారు? తలూపుతారు. ముందుకన్నా ఎక్కువ తలూపుతారు. అదే సమాచారం సలహా ఇచ్చినవారి నోటి నుంచి కాకుండా మరోచోటి నుంచి తెలిసినప్పుడూ, నిర్ణయం వారి ఎదుట కాకుండా ఏకాంతంలో తీసుకునే వీలున్నప్పుడూ ఆ ఒత్తిడి తగ్గుతుందని కూడా ఆ పరిశోధనల్లోనే తేలింది.

అందుకే నేను రిజిస్టరు అంటున్నాను, గదిలో ఒప్పుకోలు అనడం లేదు. ఆ రిజిస్టరును రోగులు పెద్దగా చూడరు. జబ్బుతో వచ్చినవాడికి ఆ ఓపిక ఉండదు, ఉండాలని కోరడమూ న్యాయం కాదు. దాన్ని చూడవలసినవారు వేరే ఉన్నారు: ఏ మందు కొనాలో తేల్చే ఆసుపత్రి కమిటీలు, ఏ జబ్బుకు ఏ మందు ముందు వాడాలో మార్గదర్శకాలు రాసే బృందాలు, పత్రికల సంపాదకులు, విలేకరులు. 2018లో న్యూయార్కులోని ప్రసిద్ధ క్యాన్సర్ ఆసుపత్రి మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ ముఖ్య వైద్యాధికారి హోసె బసెల్గా, కంపెనీల నుంచి తీసుకున్న లక్షల డాలర్ల సంగతి తన పరిశోధన వ్యాసాల్లో చెప్పలేదని విలేకరులు బయటపెట్టాక పదవి వదులుకోవలసి వచ్చింది. వ్యాసంలో రాసింది ఒకటి, బహిరంగ పట్టికలో ఉన్నది మరొకటి. పట్టిక లేకపోతే ఆ తేడా ఎవరికీ దొరికేది కాదు. నా చీటీల కథా అంతే. ఒక్కో చీటీ చేతబట్టుకున్న ఏ రోగికీ ఏమీ కనిపించేది కాదు; అన్నీ కలిపి చూసిన ఫార్మసిస్టుకు కనిపించింది.

నా తోటివారి అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. ఇది మా సొంత ఆదాయం, ఎవరికెందుకు చెప్పాలంటారు. రోగి డబ్బుతో, రోగి శరీరం మీద తీసుకునే నిర్ణయంతో ముడిపడిన ఆదాయం పూర్తిగా సొంతం కాదు. పేరు పట్టికలో పడితే దొంగను చూసినట్టు చూస్తారంటారు. ఇందులో నిజముంది, పరిశోధన నిధులనూ విందు భోజనాలనూ ఒకే గాటన కట్టి పెద్ద అంకె వేసి వార్త రాసేవారు ఉంటారు. దానికి విరుగుడు పట్టికను దాచడం కాదు, అందులో ఏది ఏమిటో విడివిడిగా, సందర్భంతో చూపడం. పరిశోధన ఆగిపోతుందన్న వాదనను మాత్రం నేను పెద్దగా పట్టించుకోను: వెలుగులోకి వస్తే ఆగిపోయే పరిశోధన ఆగిపోనివ్వండి.

ఇక మీ ఇంటి సంగతి. తర్వాతిసారి వెళ్లినప్పుడు డబ్బు గురించి మొదలుపెట్టకండి, మాత్ర గురించి మొదలుపెట్టండి. అమ్మగారి పాత రిపోర్టులు, ముఖ్యంగా మూడు నెలల షుగరు సగటు, కిడ్నీ పరీక్షలు, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి. పాత మాత్రతో ఎప్పుడైనా చెమటలు పట్టి, చేతులు వణికి, షుగరు పడిపోయిందేమో ఆవిణ్ని ముందే అడిగి రాసుకోండి. అక్కడ అడగవలసినవి ఇవి: పాత మాత్ర ఎందుకు ఆపారు? దీనివల్ల అమ్మకు ప్రత్యేకంగా వచ్చే లాభం ఏమిటి? ఇదే మందు జెనెరిక్‌గా, తక్కువ ధరకు దొరుకుతుందా? దొరకకపోతే, ఇదే పని చేసే పాత మందు ఏదైనా ఉందా? ఇది పనిచేస్తోందని ఏ పరీక్షతో, ఎన్నాళ్లకు తెలుస్తుంది?

మంచి జవాబు ఎలా ఉంటుందో చెబుతాను. "అమ్మకు రెండుసార్లు మూత్రంలో ప్రోటీన్ కనిపించింది, ఈ రకం మందు కిడ్నీకి రక్ష, పాతదానికి ఆ గుణం లేదు" అంటే అది మీ అమ్మగారి గురించిన జవాబు. కంపెనీ ఎవరిదైనా ఆ జవాబు నిలబడుతుంది. "ఇప్పుడందరూ ఇదే రాస్తున్నారు, లేటెస్టు" అంటే అది ఎవరి గురించీ కాదు. అప్పుడు ధర మాకు భారమవుతోంది, పాతదానికి తిరిగి వెళ్లడం కుదురుతుందా అని మెల్లగా అడగండి. అక్కడికక్కడే ఒప్పుకోనక్కర్లేదు, "ఇంట్లో మాట్లాడుకుని చెబుతాం" అని లేచి రావడం మీ హక్కు. అంతదాకా నడుస్తున్న మాత్ర నడుస్తూనే ఉండాలి. అవసరమైతే అవే రిపోర్టులతో ఇంకో డాక్టరును కలవండి. పేరున్న ఏ వైద్యుడూ రెండో అభిప్రాయాన్ని తప్పుపట్టడు.

డబ్బు సంగతి అడగాలనే ఉంటే, ఈ మాటలన్నీ అయ్యాక, నిలదీసినట్టు కాకుండా అడగండి: "డాక్టరుగారూ, బయట ఆహ్వానపత్రం చూశాను, ఈ కంపెనీ సదస్సుల్లో మీరు మాట్లాడుతుంటారా?" నిజాయతీపరుడికి ఇది కష్టమైన ప్రశ్న కాదు. అవును అంటారు, ఎందుకో చెబుతారు. లేదా వాళ్లు హాలు అద్దె మాత్రమే భరించారని చెబుతారు. నేనైతే కొంచెం ఎర్రబడి నిజం చెప్పేసేవాణ్ని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన విరుచుకుపడితే, ఆయన మాత్ర ఎందుకు మార్చారో మీకు ఇంకా తెలియదు గాని, ఇకపై సందేహం వచ్చినప్పుడు ఈ గదిలో అడగగలరా లేదా అన్నది తెలిసిపోతుంది. అడిగినందుకు వైద్యం తగ్గించే మనిషైతే, అడగకపోయినా ఆయన దగ్గర ఉండవలసిన పని లేదు.

మీ అమ్మగారి కోపం గురించి ఒక మాట. ఆవిడ అన్నది తప్పు కాదు. మీరు మనిషిని అనుమానిస్తున్నారనే ఆవిడకు తోచింది. ఆయన్ను కాదమ్మా, మాత్రను అడుగుదాం అని చెప్పి చూడండి. వీలైతే ఆ మొదటి ప్రశ్న, పాత మాత్ర ఎందుకు ఆపారన్నది, ఆవిడ నోటితోనే అడిగించండి. పద్నాలుగేళ్ల పరిచయంలో ఆవిడ అడిగితే అది పలకరింపులా ఉంటుంది, మీరు అడిగితే విచారణలా ఉంటుంది. మీరు పక్కన కూర్చుని ఆయన చెప్పేది కాగితం మీద రాసుకుంటే చాలు.